బూటుతో కొలిచిన బల్ల

ఇటలీ దేశపు ఉత్తరభాగమున రెజ్జో ఎమీలియా అను పట్టణము కలదు. క్రీస్తునకు పూర్వము 187వ సంవత్సరమున రోమనులు వేసిన ఎమీలియా రాజమార్గము ఆ పట్టణము నడుమనుండి నేటికిని సాగిపోవుచున్నది. ఇటలీవారి మూడు వన్నెల పతాకమును మొట్టమొదట ఒక ప్రభుత్వ చిహ్నముగా స్వీకరించినది ఇచ్చటనే; అది 1797 జనవరి 7వ తేది. చుట్టును సారవంతమైన మైదానము. పాడి సమృద్ధి. ఆ ప్రాంతమున చేయు గట్టి జున్ను లోకమంతయు ఎరిగినదే. అయినను నేడు దేశదేశముల ఉపాధ్యాయులు ఆ ఊరు వెదకుకొనుచు పోవుట పతాకము కొరకు కాదు, జున్ను కొరకును కాదు. అచ్చటి పసిపిల్లల బడులను చూచుటకు పోవుచున్నారు.

ఆరేండ్లు నిండని పిల్లల బడిలో చూడదగినది ఏమున్నదని మీకు తోచవచ్చును. మీ ఇంటనో ఇరుగుపొరుగుననో అంగన్‌వాడీకి పోవు తమ్ముడో చెల్లెలో ఉండవచ్చును. అచ్చట ఆటయు పాటయు మధ్యాహ్న భోజనమును ఉండును. అంతకు మించి ఆ వయసువారు చేయగల పని ఏమున్నది? ఈ ప్రశ్నకు రెజ్జో ఎమీలియావారు చెప్పిన సమాధానము మాటలలో కంటె చేతలలో ఎక్కువగా కనబడును. ఆ పని ఎట్లు మొదలైనదో ముందుగా చెప్పవలెను. ఏలయన అట్టి ఆరంభము ఏ బడికిని సాధారణముగా ఉండదు.

ముస్సోలినీ 1922 మొదలు 1943 వరకు ఇటలీని నిరంకుశముగా ఏలెను. అతడు పదవినుండి తొలగిన పిమ్మట జర్మను సేనలు ఉత్తర ఇటలీని ఆక్రమించెను. 1945 ఏప్రిల్ నెల కడపట రెజ్జో ప్రాంతము వారి చేతినుండి విముక్తి పొందెను. బాంబుల దెబ్బకు ఎన్నో ఇండ్లు కూలిపోయియుండెను. వెనుదిరిగి పోవుచు జర్మనులు, పట్టణమునకు సమీపమున ఉన్న విల్లా చెల్లా అను పల్లెయొద్ద ఒక యుద్ధపు టాంకును, కొన్ని లారీలను, కొన్ని గుర్రములను విడిచిపోయిరి. ఊరివారు కూడి వానిని ఏమి చేయవలెనని తర్కించిరి. నాటకశాల కట్టుదమని మగవారును, బడి కట్టుదమని ఆడవారును వాదించిరని చెప్పుకొందురు. ఆడవారి మాట నెగ్గెను. టాంకును, లారీలను, గుర్రములను అమ్మిరి. ఒక రైతు స్థలమిచ్చెను. కూలిన ఇండ్లనుండి ఇటుకలను, దూలములను ఏరి తెచ్చిరి. ఏటినుండి ఇసుక తోలుకొనిరి. కూలి యిచ్చి మనుష్యులను పెట్టుకొనుటకు వారియొద్ద డబ్బు లేదు. పగటిపూట తమ తమ పనులు చూచుకొని, రాత్రులయందును శని ఆదివారములయందును ఊరివారే గోడలు లేపిరి.

ఈ వార్త పట్టణమున ఉన్న లోరిస్ మలగుట్సి చెవిని పడెను. అప్పటికి ఆయనకు ఇరువదియైదేండ్లు. ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. సామాన్యులైన రైతులును కూలీలును టాంకు అమ్మి బడి కట్టుకొనుచున్నారన్న మాట నమ్మశక్యము కాక, సైకిలెక్కి తానే పోయి చూచెను. స్త్రీలు పాత ఇటుకలకు అంటియున్న సున్నమును గీకి, ఇటుకలను కడుగుచుండిరి. తాను ఉపాధ్యాయుడనని ఆయన చెప్పగా, అట్లయినచో వచ్చి తమతో కలిసి పనిచేయుమని వారనిరి. ఆయన కలిసెను. 1994లో కన్నుమూయువరకు ఆయన ఆ పని విడువలేదు.

ఆ తల్లిదండ్రులు కోరినది ఏమి? ముస్సోలినీ పాలనలో పిల్లలకు నూరిపోసిన నినాదమున మూడు మాటలుండెను: నమ్ముము, లోబడుము, పోరాడుము. అడుగుము అను మాట అందులో లేదు. ఆ విధముగా పెరిగిన తరమును ఎచ్చటికి నడిపించిరో, దానివలన తమ ఇండ్లకు ఏమి పట్టినదో వారు కన్నులార చూచిరి. చెప్పినదానికెల్ల తల ఊచు పిల్లలు వారికి మరల అక్కరలేకపోయిరి. తమంతట తాము చూచి, ఆలోచించి, తోడివారితో వాదించి, కలిసి ఒక నిర్ణయమునకు రాగల పిల్లలు కావలసియుండిరి. పసివారి బడిని గురించి ఇంత పెద్ద మాట యేల అని కొందరు అనవచ్చును. ఇటుకలు కడిగినవారికి అది పెద్ద మాటగా తోచియుండదు.

అట్టి బడులు ఆ చుట్టుప్రక్కల మరికొన్ని వెలసెను. 1963లో పురపాలక సంఘమువారు తామే ఒక పసివారి బడిని తెరచి, ఒంటరి దీవిలో చిక్కిన రాబిన్సన్ క్రూసోను తలచుకొని దానికి రాబిన్సన్ అని పేరు పెట్టిరి. రెండు గదులు, అరువదిమంది పిల్లలు. 1967లో తల్లిదండ్రులు నడుపుచున్న బడులును పురపాలక సంఘము క్రిందికి వచ్చెను. 1970లో పట్టణపు ఉద్యానవనములో డయానా అను బడి వెలసెను. 1991లో అమెరికాలోని న్యూస్‌వీక్ వారపత్రిక ఈ డయానా బడిని లోకములోని శ్రేష్ఠమైన పాఠశాలలలో ఒకటిగా పేర్కొనుటతో ఊరి పేరు నలుదిక్కుల వినబడెను. మనము చూడబోవు బల్ల ఆ బడిలోనిదే.

అచ్చటి బడి కట్టుబడిని గూర్చి కొంచెము చెప్పవలెను. గదులన్నియు ఒక విశాలమైన నడిమి చావడిలోనికి తెరచుకొనును. మన పల్లెలలో రచ్చబండ ఎట్టిదో ఆ బడికి ఆ చావడి అట్టిది. అందరును అచ్చట కలిసికొందురు. ఒక ప్రక్క చేతిపనుల గది ఉండును. బంకమన్ను, తీగ, కాగితములు, రంగులు, గాజుముక్కలు, ఎండిన ఆకులు, గింజలు మొదలైనవి అందులో చేతికి అందునట్లు అమర్చియుందురు. చిత్రకళ తెలిసిన ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో ఆ గదిలో పిల్లలకు తోడుగా ఉందురు. ప్రతి తరగతికిని ఇద్దరు ఉపాధ్యాయులు. వారిలో ఒకరు పెద్ద, ఒకరు చిన్న అను భేదము లేదు. పిల్లలతో కలిసి వారు మూడేండ్లు సాగుదురు. వంటశాలయు దాచిపెట్టిన గది కాదు. పిల్లలు పోవుచు వచ్చుచు చూచునట్టిదే.

ఆ బడులలో పాఠ్యక్రమము ముందుగా అచ్చువేసి యుంచినది కాదు. పిల్లలు దేనినిగూర్చి అడుగుచున్నారు, దేనిని మరల మరల పట్టుకొని చూచుచున్నారు అని ఉపాధ్యాయులు కనిపెట్టి, దానినుండి ఒక పనిని అల్లుదురు. ఆ పని మూడు దినములు సాగవచ్చును, మూడు మాసములును సాగవచ్చును. దీనినే మనము ప్రాజెక్టు అందుము. కాని మీరెరిగిన ప్రాజెక్టు వేరు. సోమవారము అప్పగింపవలసిన దానికి ఆదివారము రాత్రి అట్ట కొని, దుకాణములో అమ్ము బొమ్మలను దానిపై అంటించి, అన్నచేత అందమైన అక్షరములు వ్రాయించి తెచ్చునది మన బడులలో ప్రాజెక్టు అనిపించుకొనుచున్నది. అందులో పిల్లవాడు చేసినది జిగురు పూయుట మాత్రమే. పేరొకటే యైనను ఈ రెంటికిని చుట్టరికము లేదు.

డయానా బడిలో ఒకప్పుడు పనిబల్ల ఇంకొకటి కావలసివచ్చెను. ఉన్నవాని వంటిదే కావలెను. సాధారణముగా ఇట్టి పని బడిపెద్ద వడ్రంగికి కబురంపుటతో తీరిపోవును. అచ్చటివారు దానిని అయిదారేండ్ల పిల్లలలో ఒక చిన్న జట్టునకు అప్పగించిరి. బల్ల చేయువాడు వడ్రంగి గనుక వడ్రంగినే పిలువవలెనని పిల్లలు తేల్చిరి. వడ్రంగి, బల్ల చేసిపెట్టుదును గాని కొలతలు మీరీయవలెననెను. అక్కడ చిక్కు వచ్చెను. కొలుచుట అనగా ఏమియో ఆ పిల్లలకు ఇంకను తెలియదు.

మొదట బల్ల అంచు వెంబడి వ్రేళ్లు పెట్టి లెక్కించిరి. పిదప గుప్పిళ్లతో, జానలతో కొలిచిరి. పాదములు, కాళ్లు ఆనించి చూచిరి. తలతోను కొలువజూచిరి. చూచువారికి నవ్వు వచ్చును. కాని ఒక్క క్షణమాగి ఆలోచింపుడు. పెద్దదాని పొడుగు తెలియవలెనన్నచో చిన్నదానినొకదానిని తీసికొని, ఎన్నిమార్లు పట్టునో లెక్కింపవలెనని వారికి ఎవరు చెప్పిరి? కొలతకు మూలమైన ఊహ అదియే. దానిని ఆ పిల్లలు తమంతట తాము పట్టుకొనిరి. పట్టుబడనివి మిగిలినవి. చేయి లేపి మరల పెట్టునప్పుడు నడుమ సందు విడువరాదు. ఒకదానిమీద ఒకటి ఎక్కింపరాదు. ఒకరి చేయి చిన్నది, ఒకరి చేయి పెద్దది. కడపట కొంత మిగిలినచో దానిని ఏమనవలెను?

ఇచ్చట ఉపాధ్యాయులు చేసిన పని గమనింపదగినది. మీటరు బద్దను తెచ్చి, ఇట్లు కొలువుడని చూపినచో పని నిమిషములో ముగిసియుండెడిది. వారట్లు చేయలేదు. అట్లని చేతులు కట్టుకొని కూర్చుండనులేదు. పిల్లలు ముందుకు సాగలేక తికమకపడుట చూచి, బల్లను కొంతసేపు ప్రక్కకు పెట్టించి, వారిని దూకుడు పందెమునకు దింపిరి. ఎవరెంత దూరము దూకిరో తెలియవలెనన్నచో కొలువక తప్పదు. పాదము వెంట పాదము పెట్టి లెక్కించిరి. ఒక పిల్లవాని పాదములతో ఒక సంఖ్యయు, మరియొకని పాదములతో వేరొక సంఖ్యయు వచ్చెను. దూకిన దూరము ఒకటే, లెక్కలు రెండు! బల్లయొద్ద తేలిపోయిన చిక్కు ఇచ్చట పందెములో గెలుపోటముల చిక్కుగా మారెను. పిల్లలు దానిని తేలికగా విడుతురా?

మరల బల్లయొద్దకు వచ్చినప్పుడు వారు కాగితపు పట్టీలు కత్తిరించి, వానిపై అంకెలు వ్రాసి, కొలబద్దలు తయారు చేసికొనిరి. పెద్దల చేతులలో కొలబద్దలను చూచియుండిరి గనుక అంకెలుండవలెనని తెలియును. అంకెకును అంకెకును నడుమ ఎడము సమానముగా ఉండవలెనని మాత్రము తెలియదు. ఎవరికి తోచినట్లు వారు వ్రాసిరి. ఒకే బల్లకు ఒక్కొక్క పట్టీ ఒక్కొక్క కొలత చెప్పెను. తెల్లబోయిరి. ఎవరి పట్టీ నిజము పలుకుచున్నది? ఆ ప్రశ్నను ఏ ఉపాధ్యాయుడును నల్లబల్లపై వ్రాయలేదు. వారు తమ చేతులతో చేసికొన్న పట్టీలే దానిని వారిముందు నిలిపెను.

అప్పుడొక బాలుడు తన బూటుతో కొలుతమనెను. బూటునకు గల గుణమేమో చూడుడు. జాన ఒకమారు బాగుగ చాచినట్లును, ఒకమారు ముడుచుకొన్నట్లును ఉండవచ్చును. పాదముల విషయమున ఎవరి పాదము వారిదే. బూటు అట్లు కాదు. దానిని ఎవరు పట్టుకొని కొలిచినను అది ఆ బూటే. సాగదు, ముడుచుకొనదు. ఆ బూటుతో బల్లను కొలిచిరి. ఎవరు కొలిచినను లెక్క ఒకటే వచ్చెను. జట్టు అంతయు ఒక కొలతకు ఒప్పుకొనెను. ఇక మిగిలినది వడ్రంగి. ఆ బూటు వడ్రంగియొద్ద లేదు. అతనికిని తమకును ఉమ్మడిగా ఉండు కొలబద్ద కావలసివచ్చెను. మీటరు బద్ద అప్పుడు వచ్చెను. బూటు మీటరు బద్దమీద ఎంత ఉన్నదో చూచుకొనిరి. బల్లను మీటరుతో మరల కొలిచిరి. మీటరు ఎందులకు పుట్టినదో ఆ పిల్లలకు ఇక వేరుగా బోధింపనక్కరలేదు.

నేను బడిపంతులుగా ఉన్న కాలమున, మూడున్నర కిలోమీటర్లను సెంటీమీటర్లలోనికి తప్పులేక మార్చిన విద్యార్థులే, తాము కూర్చున్న బల్ల పొడుగు ఉజ్జాయింపుగా ఎంతయుండునని అడుగగా ఒకరు ఇరువది సెంటీమీటర్లనియు, ఒకరు పది మీటర్లనియు చెప్పుట విన్నాను. లెక్కలో వారి తప్పులేదు. ఆ అంకెలకును వారి బల్లకును ఎన్నడును పరిచయము కలుగలేదు.

ఈ పసివారు నడచిన దారి కొత్తది కాదు. మన పెద్దలు కూడ ఒడలినే కొలబద్దగా చేసికొనిరి. అంగుళము, బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు - ఇవియన్నియు వ్రేళ్లనుండియు చేతులనుండియు పుట్టిన కొలతలే. రెండు జానలు మూర. నాలుగు మూరలు బార. పొద్దు బారెడెక్కినదని నేటికిని అందుము. జానెడు పొట్ట కొరకు ఇన్ని పాట్లని నిట్టూర్తుము. పూలమ్మునామె నేటికిని మాలను మూర లెక్కనే అమ్మును. కొనునామె, నీ మూర పొట్టిదమ్మా అని తన చేతితో మరల కొలిచి చూచుకొనును. డయానా బడి పిల్లలకు వచ్చిన తగవే మన అంగడి వీథిలో ప్రతి సాయంకాలమును వచ్చుచున్నది.

ఇటలీలోను అంతే. పూర్వము ఒక్కొక్క నగరమునకు దాని అడుగు, దాని మూర వేరు. రెజ్జోకు దూరము కాని బొలోన్యా నగరమున, పెద్ద కూడలిలోని పురాతన భవనపు గోడమీద ఆ నగరపు కొలతలను చెక్కిన రాతిని నేటికిని చూడవచ్చును. వర్తకుల తగవులు వచ్చినప్పుడు దానిని చూచి తీర్చుకొనుటకై పెట్టినది. అది ఊరంతటికిని కలిపి ఒక బూటు అన్నమాట! ఊరు దాటినచో ఆ బూటు చెల్లదు. ఈ చిక్కును తీర్చుటకై ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు, ఏ రాజు చేతిని గాని పాదమును గాని కాక భూమినే కొలతకు ఆధారముగా తీసికొనదలచిరి. ఉత్తర ధ్రువమునుండి భూమధ్యరేఖ వరకు గల దూరములో కోటియవ వంతు ఒక మీటరని నిర్ణయించిరి. దానిని తేల్చుటకు డెలాంబ్ర్, మెషేన్ అను నిద్దరు 1792 మొదలు 1798 వరకు, విప్లవపు అల్లకల్లోలము నడుమ, డన్‌కర్క్‌నుండి బార్సెలోనా వరకు నేలను కొలిచిరి. 1799లో ప్లాటినముతో మీటరు బద్దను చేసి భద్రపరచిరి. 1875లో పదునేడు దేశములు కలిసి మీటరును గూర్చి ఒడంబడిక చేసికొనెను. మన దేశమున 1956లో శాసనము చేసి, 1958 అక్టోబరు 1వ తేది మొదలు మెట్రిక్ తూనికలు కొలతలు ప్రవేశపెట్టిరి. వ్రేలినుండి జానకు, జాననుండి ఉమ్మడి కొలబద్దకు పోవుటకు మనుష్యజాతికి వేల యేండ్లు పట్టెను. ఆ పిల్లలు ఆ దారి అంతయు ఒక బల్లచుట్టు తిరిగి పూర్తిచేసిరి.

ఒక బల్ల కొలుచుటకు ఇన్ని దినములు వ్యర్థపరుపవలెనా అని అడుగువారు కలరు. ఆ అడుగుటలో న్యాయము లేకపోలేదు. ప్రతి విషయమును పిల్లలు తమంతట తామే కనుగొనవలెనన్నచో జీవితకాలము చాలదు; చదువనగా ఇతరులు కనుగొన్నదానిని అందుకొనుట కూడ. ఎక్కాలను ఎవ్వరును దూకుడు పందెములో నేర్చుకొనజాలరు. రెజ్జోవారును అన్నింటిని అట్లే నేర్పుదుమని చెప్పుకొనరు. ఏయే మూలభావములు ఊతమై ముందు చదువునెల్ల మోయునో, వానియందు తొందరపడరు. కొలత అట్టి మూలభావము. దానిని కుదురుగా పట్టుకొన్నవానికి వైశాల్యము, ఘనపరిమాణము, భిన్నములు తరువాత కాలమున బరువు తోచవు. కడపట మిగిలిన అర బూటు భిన్నము కాక మరేమి?

పిల్లలే నడుపు చదువనగా పిల్లలను విడిచిపెట్టిన చదువని కొందరు పొరపడుచున్నారు. నిజము దానికి పూర్తిగా విరుద్ధము. ఆ బడులలో ఉపాధ్యాయుని పని తగ్గదు, పెరుగును. పిల్లలు ఆడిన మాటలను వారు ఆడినట్లే వ్రాసికొనవలెను. ఫోటోలు తీయవలెను. బొమ్మలను, మట్టి నమూనాలను తేదీలతో భద్రపరుపవలెను. పిల్లలు ఇండ్లకు పోయిన పిమ్మట తోడి ఉపాధ్యాయులతో కూర్చుండి, ఈ మాటలో ఏ ఊహ దాగియున్నది, రేపు ఏ వస్తువును వారి ముందు పెట్టవలెను, ఎప్పుడు నోరు మెదపక ఊరకుండవలెను అని చర్చింపవలెను. ఈ వ్రాతలును చిత్రములును గోడలపై అమర్చబడును. తల్లిదండ్రులు చదువుదురు, పిల్లలును తమ నిన్నటి ఊహను నేడు చూచి దిద్దుకొందురు. సమాధానము తెలిసియు చెప్పక ఊరకుండుట బడిపంతులకు ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవారికి తెలియును.

ఇట్టి మరియొక పని లా విల్లెత్తా అను బడిలో జరిగెను. అచ్చటి పిల్లలు తమ బడి ఆవరణలో పక్షులు నీరు త్రాగుటకై అంతకుముందొక చిన్న కొలను చేసియుండిరి. దానిని గూర్చి మరల మాటలాడుచు, పక్షులకు ఇంకేమి కావలెనని అడుగగా, వారి కోరికలకు అంతులేకపోయెను. గూళ్లు కావలెను. ఊయెలలు కావలెను. అలసిన ముసలి పక్షులకు పైకెక్కుటకు లిఫ్టు కావలెను! తుదకు పక్షులకొక వినోదవనమే కట్టుదమని తీర్మానించిరి. మన పల్లెలలో పిచ్చుకల కొరకు చూరుకు వరికంకుల కుచ్చులు కట్టు ఆచారము కలదు. ఆ పిల్లలు దానికి నాలుగడుగులు ముందుకు పోయిరి.

వారి ఊహలలో ఉపాధ్యాయులు పట్టుకొన్నవి ముఖ్యముగా రెండు: నీటి చిమ్ముగొట్టములు, నీటి చక్రములు. పిల్లలను పట్టణములోనికి తీసికొనిపోయి చిమ్ముగొట్టములను చూపిరి. వారు తిరిగివచ్చి, నీరు పైకెట్లు లేచునో తమకు తోచినట్లు బొమ్మలు గీసిరి. నేలక్రింద గొట్టములు ఎట్లుండును, నీటిని పైకి నెట్టునది ఏది అని ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా ఊహించిరి. పెద్దలు ఆ బొమ్మలను తప్పని కొట్టివేయలేదు. గీసినదానిని మట్టితోను కాగితముతోను చేసి చూడుమనిరి. కాగితముపై తిరిగిన చక్రము చేతిలో తిరుగదు. ఎందుకు తిరుగదో వెదకవలెను. గొట్టము ఎత్తినచో నీరేమగును, దించినచో ఏమగును, రంధ్రము చిన్నదైనచో ఏమగునని నీటితోనే అడిగి తెలిసికొనిరి. నీటిమట్టమును, పీడనమును గూర్చి మీరు భౌతికశాస్త్రమున చదువుచున్నది అదియే. వారికి ఆ పేర్లు మాత్రము ఇంకను తెలియవు. తుదకు ఆవరణలో వినోదవనము వెలసెను. ఈ పనినంతయు చిత్రించిన చలనచిత్రము 1994లో వెలువడెను.

ఈ మార్గము ఒక్క రెజ్జోవారి సొత్తు కాదు. అమెరికాలో జాన్ డ్యూయీ 1896లో షికాగోలో ఒక ప్రయోగ పాఠశాల పెట్టి, వంట, వడ్రంగము, నేత మొదలైన పనుల ద్వారమున చదువు చెప్పించెను. అతని మార్గమున నడచిన కిల్పాట్రిక్ 1918లో వ్రాసిన వ్యాసముతో ప్రాజెక్టు పద్ధతి అను పేరు వ్యాపించెను. రోమునగరమున 1907లో పేదవాడలో శిశుగృహము తెరచిన మరియా మాంటిస్సోరి 1939లో మన దేశమునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఇచ్చటనే ఉండి మదరాసులోని అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చెను. గుజరాతులోని భావనగరమున గిజూభాయి బధేకా న్యాయవాదవృత్తిని మాని 1920లో బాలమందిరమును స్థాపించెను. ఆయనను పిల్లలు మీసాల అమ్మ అని పిలిచెడివారు. చేతిపని కేంద్రముగా చదువు సాగవలెనని గాంధీమహాత్ముడు 1937లో వార్ధాలో ప్రతిపాదించెను. మన దేశపు 2020 నాటి జాతీయ విద్యావిధానమును మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల వయసునకు ఆటయు, చేసి తెలిసికొనుటయు ప్రధానముగా ఉండవలెనని చెప్పినది.

చెప్పుట వేరు, జరుగుట వేరు. ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను ఒక గదిలో కూర్చుండబెట్టి నడుపు బడులు మనకు కలవు. రెజ్జోలో పట్టణము తన ఆదాయములో కొంత భాగమును పసివారి బడులకై ఏటేట వెచ్చించుచు వచ్చినది; అది లేనిచో మలగుట్సి ఎంతటివాడైనను చేయగలిగినది కొంచెమే. అయినను బల్లను కొలుచుటకు కావలసినది డబ్బు కాదు. ఒక త్రాడు, కొన్ని కాగితపు పట్టీలు, ఒక బూటు. దానితోపాటు, సమాధానము చెప్పకుండ ఆగగల ఉపాధ్యాయుడు.

మలగుట్సి 1994 జనవరి 30వ తేదిన మరణించెను. రెజ్జో పట్టణములో పూర్వము జున్ను నిలువచేయుచుండిన గిడ్డంగులను బాగుచేసి, 2006లో ఆయన పేరిట ఒక అంతర్జాతీయ కేంద్రమును తెరచిరి. బల్ల కథను 1997లోనే అచ్చటివారు ఒక పుస్తకముగా వెలువరించిరి. దాని పేరు బూటు, మీటరు. పిల్లల మాటలు, వారి కాగితపు పట్టీలు, వారు గీసిన బొమ్మలు అందులో అచ్చయినవి. వడ్రంగికి అప్పగించుటకై వారు బల్ల పటమును గీసి, దానిపై కొలతలు వ్రాసిరి. వడ్రంగి ఆ పటమును చూచి, ఆ కొలతలకే బల్ల చేసెను.